మల్లక్క చెవికి నూనె

అహేరి దవాఖానలో డాక్టరు మల్లక్క చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "బరీ ఝాలీ, బాయి" అన్నాడు, నయమైపోయిందని. పెద్దరోగం పోయింది. పోతూ పోతూ కుడిచేతి బొటనవేలిని పట్టుకుపోయింది. సొంతూరు అంకిసలో మాత్రం డాక్టరు మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఊరి బయట వాగొడ్డున వేసుకున్న గుడిసెలోనే ఆమె ఉండిపోయింది. చర్చికి వెళ్లినా కిటికీ బయట, చెప్పుల దగ్గర కూర్చునేది.

ఈలోగా కూతురు రేష్మకు ఆడపిల్ల పుట్టి, ఆరు నెలలది కూడా అయింది. మనవరాలిని ఒక్కసారి ఒళ్లో వేసుకోవాలని మల్లక్క ప్రాణం కొట్టుకుపోయింది. రేష్మకు తల్లి మీద ప్రేమ లేక కాదు, భయం.

"చర్చి అయ్యగారు నిన్ను ముట్టనియ్యి అమ్మా. గప్పుడు మా అత్త గుడ నోరు మూస్తది. నేనే తెచ్చి ఇస్త" అంది.

ఆ ఆదివారం పాస్టర్ వినోద్ మోషే ధర్మశాస్త్రంలోని యాజకుల నియమాల మీద ప్రసంగించాడు. మంచి మాటకారి. రోగం నయమైన మనిషి కోసం యాజకుడే, అంటే ఆనాటి పూజారే, జనం గుడారాలున్న పాళెం దాటి వెళ్లేవాడట. కుడి చెవికి, కుడిచేతి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి నూనె రాసి మళ్లీ జనంలో కలిపేవాడట. ఆ నియమం ఉన్నదే మనిషిని తిరిగి తెచ్చుకోవడానికని ఆయన చెబుతుంటే లోపల అందరూ కళ్లు తుడుచుకున్నారు. కిటికీ బయట మల్లక్క కూడా ఏడ్చింది, ఆ మాటలు తన కోసమేనని నమ్మి, పిచ్చిది.

ప్రార్థన అయ్యాక అందరూ చూస్తుండగానే మెట్ల దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, నాకు గుడ జర నూనె పెట్టుండ్రి."

"గదంతా ఇప్పుడు ఆత్మీయ అర్థంల తీసుకోవాలె మల్లక్కా. నూనెతోని పనిలేదు. దేవుడు నిన్ను ఎప్పుడో శుద్ధి చేసిండు."

"దేవుడు చేసిండయ్యా, నాకెరుకే. ఊరికి ఎరుక గావాలె."

ఇక తప్పలేదు. నూనె సీసా తెప్పించి మూత తీశాడు. చెవిదాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఇంట్లో ఆయనకూ చిన్నపిల్లలున్నారు. సీసా పైకెత్తి మల్లక్క అరచేతిలో ధారగా వంచాడు.

"నువ్వే పూసుకో అమ్మా" అన్నాడు.

మల్లక్క పూసుకుంది. చెవికి, కాలివేలికి, బొటనవేలు ఊడిన మొండికి కూడా. తల ఎత్తేసరికి, పిల్లను ఇవ్వడానికి ముందుకొచ్చిన రేష్మ మెట్టు మీదే నిలబడిపోయి ఉంది. అత్త చూస్తోంది, ఊరు చూస్తోంది. పిల్ల అమ్మమ్మ వైపే చేతులు చాస్తోంది.

కూతురి అవస్థ చూడలేక మల్లక్కే నోరు తెరిచింది.

"పిల్లకు ఎండ తగుల్తాంది. ఇంటికి తీస్కపో బిడ్డా."