తిరగబడ్డ అక్షరాలు

అనకాపల్లి ఫోటో స్టూడియోలో నాకు పని నేర్పిన ఓనరు బాబు ఫిల్మును పెదవికి తాకించి చూసేవారు. "అంటుకునేదే మందు పూసినవైపు. కాయితం మీద ఫోటో ఏసినప్పుడు అది కిందికుండాల, నేకపోతే బొమ్మ తిరగబడిపోద్ది," అనేవారు. చీకటిగదిలో అన్నీ ఓపిగ్గానే నేర్పారు.

ఒకసారి నేను ఫిల్ము తిరగేసి పెట్టి, బెల్లం కొట్టు ఫోటో కడిగాను. బోర్డుమీద అక్షరాలు తిరగబడ్డాయి. చదువురాని నాకు తెలియలేదు. ఆయన దాన్ని గోడకి తగిలించి, వచ్చినవాళ్లందరికీ "మా దాని సదువు సూడండి," అని చూపించేవారు.

"నాలుగచ్చరాలు నేర్పండి బాబూ," అన్నాను.

"సదువొత్తే ఇక్కడెందుకుంటావే?" అన్నారు.

యాభై దాటాక చదువు నేర్చుకుని, ఆ మాట చెప్పాలని వాళ్లింటికి వెళ్లాను. ఆయనకి చూపు పోయింది. నా గొంతు గుర్తుపట్టి, శుభలేఖ ఒకటి చేతిలో పెట్టారు.

"ఎవరి పెళ్లో ఏటో. సదువొచ్చినోళ్లెవర్నయినా పిలవ్వే."

మొత్తం మనసులోనే చదువుకున్నాను.

"ఎవరూ లేరు బాబూ," అన్నాను.