అత్త తెచ్చుకున్న మెషిను

మా మేనత్త పోయిన వారం పుత్తూరులో చనిపోయింది. గుండెపోటు. ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా ఇవ్వలేదు. తిరుపతి నుంచి నేను వెళ్లేసరికి వీధంతా ఆ ఇంటి ముందే ఉంది. ఏడుస్తూనే ఆమె మాటలు తలుచుకుని నవ్వుతున్నారు. అలా నవ్వించిన మనిషి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అత్తది మురుకుల వ్యాపారం. మామ చిన్న వయసులోనే పోతే, వసారాలో పొయ్యి పెట్టి మొదలుపెట్టింది. బస్టాండు దగ్గరి అంగళ్లకు ఆమె మురుకులే వెళ్లేవి. గొట్టంలో పిండి నింపి నొక్కీ నొక్కీ కుడి భుజం పట్టేసింది. పుత్తూరులో ఎముకలకు కట్టు కట్టేవాళ్లకు కొదవ లేదు కదా. కట్టు కట్టినాయన చేతికి విశ్రాంతి ఇమ్మంటే, "చెయ్యి ఊరకుంటే పొయ్యి యాడ మండతాది సామీ?" అని లేచి వచ్చేసింది.

పిండి నొక్కే మెషిను కొనాలని ఆమె కోరిక. అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే, వ్యాపారం జరుగుతున్నట్టు ఆధారం చూపమన్నారు. అత్త సంచిలోంచి మురుకుల పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"తిని సూడండి సార్. ఇంతకన్నా ఆదారం ఏముండాది?"

వాళ్లు తిన్నారు. బాగున్నాయన్నారు. కాగితాలు లేనిదే కుదరదన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో కోపం ఉండేది కాదు. కానీ చాన్నాళ్లు ఆ బ్యాంకున్న వీధిలో నడవలేదు.

తర్వాత ఫోన్లో డబ్బు వేసే రోజులొచ్చాయి. స్కానరు నేనే తెచ్చి గోడకు అంటించాను. "కంటికి కనపడని దుడ్డు దుడ్డేనా పాపా?" అని అనుమానపడింది. అంగళ్లవాళ్లు అందులోనే వేస్తామనేసరికి ఒప్పుకుంది. పోపుల డబ్బాలోకి వచ్చి పిండికీ నూనెకూ పోయే డబ్బు, అప్పటినుంచి ఆ బ్యాంకులోనే ఉన్న అత్త ఖాతాలోకి వచ్చి పోసాగింది. ఫోన్లో ఎవరు తియ్యగా మాట్లాడినా నమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆ మాట అత్త మరీ గట్టిగా పట్టుకుంది.

ఒకరోజు అదే బ్యాంకు నుంచి ఒక కుర్ర ఆఫీసరు ఫోన్ చేశాడు. ఖాతాలో జమలు క్రమంగా పడుతున్నాయి, వ్యాపారానికి అప్పు ఇవ్వగలమన్నాడు.

"నీ మాదిరోళ్లు శానామంది ఉండారు. పెట్టెయ్ నాయనా" అని అత్త కట్ చేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. చివరికి ఆయనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"బ్యాంకాయనవని ఎట్ట నమ్మేది?"

ఆయన మెడలోని కార్డు చూపించాడు.

"కార్డు ఎవురైనా అచ్చేయించుకోవచ్చు. పద, నేనూ వస్తా."

పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, బ్యాంకు దాకా ఆయన వెంట నడిచింది. "వాచ్‌మెను ఆ అబ్బికి సలాం కొట్టినాకనే నేను లోపలికి పోయినా" అని ఆ సాయంత్రం నాకు ఫోన్లో చెబుతూ ఒకటే నవ్వు. "ఇంకొంచెం అయితే తరిమేసుండేదాన్ని పాపా."

అప్పు అత్త పేరు మీదే వచ్చింది. హామీ కోసం ఎవరి గడపా తొక్కలేదు.

అందరికీ అంత సులువు కాలేదు. ఎదురింట్లో పూలమ్మే ఆమెకు వచ్చే డబ్బంతా కొడుకు ఫోన్లో పడేది. ఆమె వ్యాపారం బ్యాంకు కంటికి ఆనేదే కాదు. అత్త ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి ఫోను కొనిపించింది, ఖాతా తెరిపించింది. "కష్టం నీదైనప్పుడు పేరు కూడా నీదే ఉండల్ల మే" అంది. ఆమెకు ఇంకా అప్పు మంజూరు కాలేదు. కానీ అడగడానికి ఇప్పుడు ఎవరి తోడూ లేకుండా వెళ్తోంది.

మెషిను వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పిండి వేసి మీట నొక్కగానే మురుకులు చుట్టలు చుట్టలుగా పళ్లెంలోకి దిగాయి. అత్త అలవాటుగా రెండు చేతులూ ముందుకు చాచి, వాటికి పనిలేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. ఏం చేసుకోవాలో తెలియనట్టు కాసేపు ఆ అరచేతులనే చూసుకుంది. తర్వాత గుమ్మంలో కుర్చీ వేసుకుని, వేడి కాఫీ గ్లాసు కొంగుతో పట్టుకుని, వీధిలో పోయేవాళ్లను చూస్తూ తీరిగ్గా ఒక్కో గుక్కా తాగింది.