లక్క కింద మాట

డామరిస్ ఏవరిల్‌కు యాభై రెండేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండులోని లడ్లో ఊళ్లో రెండు గదుల అద్దె ఇల్లు, అన్న ఏటా పంపే ముప్ఫై పౌన్లు, అంతే ఆవిడ ఆధారం. అన్న ఇంటి సంగతులు వదిన లావీనియా రాసేది. ఆ రోజుల్లో టపా కూలి ఉత్తరం అందుకున్నవాళ్లే కట్టుకోవాలి, అదీ కాగితానికింతని. అందుకని వదిన ఇల్లంతా ఒక్క కాగితంలో ఇరికించేది. ఉత్తరమంటే పదిమందిలో పైకి చదివేదే కదా, డబ్బు మాట మాత్రం అన్నిటికీ చివర, మడిచి లక్క వేసే చోట పెట్టేది. అక్కడికొచ్చేసరికి డామరిస్ పైకి చదవడం ఆపేసేది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఉత్తరం వచ్చేసరికి పక్కింటి పాక్రిడ్జ్ పిన్ని అప్పటికే టీకి కూర్చునుంది.

“తొందరగా విప్పవే తల్లీ, ఎంతసేపు!”

ఆ తొందరకు లక్కతో పాటు కాగితమూ చిరిగింది.

“అన్నయ్య కొత్త బండి కొన్నాడట పిన్నిగారూ. పచ్చరంగట. వాళ్ల చిన్నమ్మాయిని బాత్ పట్నం తీసుకెళ్తారట, డాన్సులకి.”

“పెళ్లికొడుకులకి అను! తర్వాత?”

“తర్వాత... వదినకు దగ్గు.”

“ఇంకా మూడు వరుసలున్నాయి. అంత పొడుగు దగ్గా?”

డామరిస్ నవ్వి కాగితం మడిచేసింది. అందులో ‘మార్చి నుంచి నీకు ఏటా’ అని ఉంది, తర్వాత చిల్లు, ఆ తర్వాత ‘పౌన్లు’.

పిన్ని వెళ్లాక కత్తి మొన వేడిచేసి, లక్కకు అంటుకున్న ముక్కను మెల్లగా ఊడదీసింది. భయం కన్నా ఆ అంకె ఏమిటో చూడాలన్న ఆరాటమే ఎక్కువ. ఇరవై.

ఇరవైతో ఈ ఇల్లు నిలవదు. ఎవరింట్లోనో ఓ మూల గదిలో పడుండాలి. ఉత్తరం మళ్లీ మొదటినుంచి చదివింది. పచ్చబండి, బాత్. ఈ కోత అన్నకు తెలుసా? రాత అంతా వదినదే.

ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ అన్న పొద్దుటి ఫలహారం దగ్గర, పాదిరిగారి ముందు పైకి చదువుతాడు. డామరిస్ జవాబు రాస్తూ, వానల కబురు అయిన వెంటనే, పై వరుసల్లోనే పెట్టింది: “వదినా, నీ అంకెను లక్క మింగేసింది. అన్నయ్య మాట తప్పే మనిషి కాదు గనక ముప్ఫై అనే చదువుకున్నాను.”

మార్చి ఇరవై అయిదుకు ముప్ఫై పౌన్లకు హుండీ కాగితం వచ్చింది, బ్యాంకులో ఇచ్చి డబ్బు తీసుకునేది. తోడుగా వదిన ఉత్తరం, రెండే వరుసలు. పిల్ల సంగతి లేదు, బాత్ సంగతి లేదు. టపావాడికి కూలి ఇచ్చి, డామరిస్ మిగతా అంతా ఖాళీగా ఉన్న ఆ కాగితాన్ని తిరగేసి, ఇంటి కబురు ఇంకొక్కటైనా ఉందేమోనని వెలుతురుకు పట్టి చూసింది.