గాలికి కట్టిన గుడ్డ

భద్రాచలంలో చర్ల రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో ఖయ్యూం లారీలు బాగుచేయబట్టి పాతికేళ్లు. ఏ వర్క్‌షాపులోనూ పని నేర్చుకున్నవాడు కాదు. మూలన పడి ఉన్న పాత ఇంజనొకటి విప్పి, మళ్లీ బిగించి, చివర మిగిలిపోయిన నట్లు ఎక్కడివో వెతుక్కుంటూ నేర్చుకున్నాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. పొద్దున లేస్తూనే దగ్గు.

"లారీల దగ్గు తగ్గిస్తవ్. నీ దగ్గు మాత్రం నీకు పట్టదు," అంటుంది భార్య ఖమరున్నీసా. అతను దగ్గుకుంటూనే షెడ్డులోకి నడుస్తాడు.

ఎనభై ఎనిమిది ఎండాకాలం, బీడీలు చుట్టే తునికాకు కోతలు నడుస్తున్న రోజులు. పొద్దున్నే జంపయ్య తన లారీని షెడ్డు ముందు ఆపి, దిగీ దిగకముందే అన్నాడు.

"ఉస్తాద్, నా బతుకు మసైంది."

"బతుకు సంగతి నాకెరుక లేదు. బండి సంగతి చెప్పు."

సంగతి ఇది. నిరుడు చర్ల అవతల ఒక ఆకు కల్లంలో ఏదో లారీ పొగగొట్టం నుంచి నిప్పురవ్వలు లేచి, ఎండిన ఆకు కట్టలన్నీ కాలిపోయాయి. అందుకని ఈ ఏడు కల్లం మున్షీ హీరాలాల్ నల్లపొగ కక్కే బండిని గేటు దాటనివ్వడం లేదు. జంపయ్యను రెండుసార్లు వెనక్కి పంపాడు. రేపు మూడోసారి. రేపు కూడా పొగ వస్తే అతని వరస ఇంకొకరికి పోతుంది. ఏడాది మొత్తంలో జంపయ్య బండికి గట్టిగా కిరాయి దొరికేది ఈ రెండు నెలలే.

"ఖమ్మంలో డీజిల్ పంపు విప్పించిన. నాజిళ్లు కొత్తవి ఏపించిన. ఆడ షాపు ముందట చూస్తే పొగ చుక్క లేదు. చర్ల రోడ్డెక్కినంక మళ్లా గదే లొల్లి. ఈ బండికి ఖమ్మం నచ్చింది గావచ్చు!"

ఖయ్యూం నవ్వలేదు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నాడు. పొగగొట్టం అంచున వేలు పెట్టి, అంటిన మసిని బొటనవేలితో నలిపాడు. పొడిపొడిగా రాలింది. జిడ్డు ఉంటే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. పొడిగా ఉంటే డీజిల్ సగమే కాలుతున్నట్టు. తర్వాత పానా తీసుకుని ఒక్కొక్క నాజిల్‌కు డీజిల్ తీసుకెళ్లే గొట్టం నట్టు వదులు చేసి, చెవి పెట్టి విని, మళ్లీ బిగించాడు. ఆరు సిలిండర్లకూ అదే చేశాడు. ఒక నాజిల్ చెడి ఉంటే, దాని నట్టు వదిలినప్పుడు ఇంజన్ శబ్దంలో మార్పు ఉండదు. ఇక్కడ ఆరుసార్లూ ఒకేలా కుంగింది. అంటే తప్పు ఏ ఒక్కదానిదో కాదు, అన్నిటిదీ. పంపు కొత్తగా బాగుచేసిందే. ఇక మిగిలింది గాలి.

ఎయిర్ క్లీనర్ దగ్గరికి వంగేసరికి మోకాలు కలుక్కుమంది. గాలి పీల్చే మూతి చుట్టూ పాత చీర గుడ్డ, ట్యూబు రబ్బరుతో బిగించి కట్టి ఉంది. విప్పాడు. ఒక పొర కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. ఎర్రదుమ్ము నూనెతో కలిసి, ఎండిన పిడకలా గట్టిపడింది. ముక్కు మూసి పరుగెత్తమంటే మనిషైనా ఏం చేస్తాడు?

"ఖమ్మంలో ఇది ఉన్నదా?"

"లేదు. ఆడ తారు రోడ్డు, దుమ్మెక్కడిది? విప్పి క్యాబిన్‌ల పడేసిన. ఇటు రాంగ మళ్లా కట్టిన."

"ఈ గుడ్డ కట్టుమన్న తెలివిగల్ల అక్కల్మందుడు ఎవడ్రా?"

"నువ్వే గద, ఉస్తాద్."

ఖయ్యూం చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. నిజమే. పద్నాలుగేళ్ల కింద, ఈ రోడ్డు మీద కొత్తగా కంకర పోస్తున్నప్పుడు, దుమ్ము ఇంజన్లను తినేస్తోందని ఇద్దరు ముగ్గురు డ్రైవర్లకు చెప్పాడు. పలుచని గుడ్డ, ఒక్క పొర. ట్రిప్పు ట్రిప్పుకు ఉతకాలని చెప్పాడా? ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అది ఎవరికైనా తెలిసే ఉంటుందని అనుకుని ఉంటాడు. మాట రోడ్డు పొడవునా పోయింది. ఒకడు రెండో పొర వేశాడు, ఇంకొకడు మూడోది. కట్టడం నేర్చుకున్నారు, విప్పడం ఎవరూ నేర్చుకోలేదు.

గుడ్డ తీసి మళ్లీ స్టార్ట్ చేయిస్తే పొగ సన్నబడింది. జంపయ్య చప్పట్లు కొట్టాడు.

"ఆగు. రేపు గేటు కాడ ఆగమైతవ్. లోపల పేరుకున్న మసి ఎటు పోతది? వేడెక్కితే గదే నిప్పై లేస్తది."

ఇద్దరూ సైలెన్సర్ దింపారు. కట్టెల మంటలో కాల్చి, చెక్క సుత్తితో కొడితే నల్లని పెచ్చులు తట్టెడు రాలాయి. దగ్గు ఆగడం లేదని ఖమరున్నీసా షెడ్డు వెనక ఇంట్లోంచి వచ్చి భర్త ముక్కుకు తువ్వాలు కట్టింది. "ఉతికిందే," అంది. అంతా విన్నదన్నమాట.

ఎయిర్ క్లీనర్ గిన్నె కడిగి, అందులో కొత్త నూనె గీత వరకే పోశాడు ఖయ్యూం. "దుమ్మును ఈ నూనెనే పడతది. ఈ గీత దాటొద్దు. రోజూ గిన్నె కడుగు. గంతే. గుడ్డ వద్దు."

మర్నాడు పానాల సంచితో ఖయ్యూం కూడా బండెక్కాడు. గోతుల్లో బండి ఎగిరినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

గేటు దగ్గర కాపలావాడు కర్రకు ఎండిన తునికాకు కట్ట కట్టి పొగగొట్టం ముందు పెట్టాడు. హీరాలాల్ చెయ్యి ఊపాడు. జంపయ్య కళ్లు మూసుకుని యాక్సిలరేటర్ కింది దాకా తొక్కాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆకు గాలికి కొట్టుకుంది. హీరాలాల్ దగ్గరికొచ్చి ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఎక్కడా నిప్పురవ్వ తగిలి చిల్లు పడలేదు.

"పో. లోపలికి పో, జల్దీ."

జంపయ్య బండి లోపలికి పోయింది. ఖయ్యూం మాత్రం గేటు బయటే దిగిపోయాడు. అక్కడ వెనక్కి పంపిన నాలుగు లారీలు వేపచెట్ల కింద నిలబడి ఉన్నాయి. మొదటి దాని డ్రైవరు గోపాలు, ఎదురొచ్చి బానెట్ లేపాడు.

"సూడు ఉస్తాద్, నువ్వు చెప్పినట్లే గుడ్డ కట్టిన. మూడు పొరలు! దుమ్ము రవ్వంత పోనియ్య. అయినా పొగ ఎందుకొస్తదో ఏమో."

"నేను సగమే చెప్పిన, గోపాలూ. తప్పు నాదే."

"నీ తప్పేంది? మంచిగనే చెప్పినవ్ గద."

ఖయ్యూం రబ్బరు కోసి గుడ్డ లాగేశాడు. లోడు ఎక్కించుకుని వచ్చిన జంపయ్య, పక్కన బండి ఆపి పిలిచాడు.

"ఎక్కు ఉస్తాద్, ఇంటికి పోదాం."

"నువ్వు పో. ఇంక నాలుగు సైలెన్సర్లు దింపాలె. రెండ్రోజులు పడతదని మా ఇంట్ల చెప్పు."

పానాల సంచి నేల మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులూని నెమ్మదిగా వంగి, గోపాలు లారీ కిందికి దూరాడు.