వలయానికీ నడిమికీ మధ్య

మొన్న బజారులో ఒక పాత ఫోటో స్టూడియో ఖాళీ చేస్తున్నారు. సీసాలు బయట పెడుతుంటే ఫోటోలు కడిగే హైపో మందు వాసన గుప్పుమంది. ఆ పులుపు వాసనకు అందరికీ పెళ్లి ఫోటోలు గుర్తొస్తాయేమో. నాకు ఒక గెలాక్సీ, దాన్ని నా చేత కొలిపించిన కరీముల్లా గారు గుర్తొస్తారు. ఎనభైల నడుమ నేను నరసరావుపేటలో బీయస్సీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు ఆయన మాకు ఫిజిక్సు లెక్చరరు. పొట్టి మనిషి. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు.

దూరాన ఉన్న ఒక అబ్జర్వేటరీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఆయన ఆ గెలాక్సీ నెగటివ్‌లు రెండు తెప్పించారు. వాటికీ ఇదే వాసన. ఒకటి నీలి గాజులోంచి, ఒకటి ఎర్ర గాజులోంచి తీసినవి. మామూలు గెలాక్సీల్లో చాలావాటికి పాయలు మెలితిరిగి ఉంటాయి. దీనికి అవేవీ లేవు. నడుమ గుండ్రటి ముద్ద, దాని చుట్టూ ఖాళీ, ఆ ఖాళీకి అవతల పూర్తి వలయం. టార్చి బల్బు, సన్నటి చీలిక, వెలుగు కొలిచే మీటరు, చెక్కపట్టాల మీద జరిగే చిన్న బండి, ఇదీ మా యంత్రం. నెగటివ్‌ను బండిమీద పెట్టి కొద్దికొద్దిగా జరుపుతూ, ఎక్కడ ఎంత వెలుగు ఉందో నేను రాసుకునేదాన్ని. నలభై మధ్యాహ్నాలైనా పట్టింది. వలయం నీలిరంగులో బలంగా, నడిమి ముద్ద ఎరుపులో బలంగా తేలాయి.

“నడిమిది ముసలి నక్షత్రాల పేట, అమ్మాయ్. వలయంలో అన్నీ కొత్త కాపురాలు,” అన్నారాయన.

“మరి మధ్యన ఖాళీలో ఏముంది సార్?”

“అదే గదా చానా వింత. ఏందో నువ్వే చూడు.”

చూశాను. ఖాళీలో ఒక పక్క మీటరు ముల్లు కాస్త దిగింది. మళ్లీ చేస్తే మళ్లీ దిగింది. నెగటివ్‌లో నక్షత్రాలున్న చోటే నల్లగా ఉండి ముల్లు దిగుతుంది. అంటే వలయాన్నీ ముద్దనూ కలుపుతూ పలచటి వంతెన లాంటిదేదో ఉంది. నా పేరు ముందు, తన పేరు వెనక పెట్టి ఆయన అబ్జర్వేటరీకి రాశారు. వేసవిలో అక్కడికొచ్చి పనిచేయమని నాకు పిలుపొచ్చింది. నూనె వ్యాపారం చేసే మా నాన్న పది రోజులు వద్దంటూనే ఉండి, చివరికి సరేనన్నాడు.

నెగటివ్‌లు తిప్పి పంపే రోజున ఆయన ఎందుకో ఒకదాన్ని తలకిందులు చేసి బండిమీద పెట్టారు. వంతెన ఆ గెలాక్సీదే అయితే ఇప్పుడు రెండో పక్కకు రావాలి. రాలేదు. ముల్లు మునుపు దిగిన పక్కనే దిగింది. పట్టా అక్కడ కాస్త వంగి ఉంది. బండి ఒరిగి వెలుగు తగ్గుతోంది. అంతే.

“వాళ్లకు రాయకపోతే ఏం సార్? తర్వాత వాళ్లే కనుక్కుంటారుగా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“ఈలోపు దానిమీద ఇంకొకడు గోడ కడతాడమ్మాయ్. కింద రాయి లేదని మనకు తెలుసు గదా.” కాగితం నా ముందుకు జరిపారు. “నువ్వు రాయి. ఈసారి నా పేరు ముందు పెట్టు. ఆ పట్టా చేయించింది నేను.”

రాశాను. రంగుల కొలతలు పనికొస్తాయని, వంతెన సంగతి వదిలేస్తామని, ఈ వేసవికి వేరే వాళ్లను తీసుకున్నామని జవాబొచ్చింది. పరీక్షలయ్యేదాకా నేను ఆయన గదికి పోలేదు. ఆయనా కబురు పెట్టలేదు. మార్కుల జాబితా తీసుకునే రోజు ఎదురుపడితే, “యమ్మెస్సీకి దరఖాస్తు పెట్టావా?” అని మాత్రం అడిగారు. పెట్టాను. సీటొచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. నేను వేరే ఊళ్లో ఉండగా ఆయన పోయారు.

ఆయన మీద కోపం ఏ సంవత్సరంలో పోయిందో చెప్పలేను. పోయిందని ఆయనకు చెప్పనూ లేదు. ఇప్పటికీ ఏదైనా అనుకున్నట్టే జరిగితే నాకు ముందు సంతోషం రాదు, అనుమానం వస్తుంది. కొన్నిసార్లు అది బరువుగానే ఉంటుంది. అయినా దించుకోవాలని ఎన్నడూ అనిపించలేదు.