కట్టెలు మిగిల్చిన స్టీమరు

ఈ రోజు ధవళేశ్వరం నుంచి కాకినాడకు కాలువ స్టీమరులో వచ్చాను. పాత ఇంజను విప్పి బాగుచేయించాక మునుపటిలో సగం కట్టెలే సరిపోతున్నాయని, మాతోపాటు ఎక్కిన స్టీమరు యజమాని అందరికీ చెప్పారు. ఎందుకో దారిలో తెలిసింది. లాకు దగ్గర ఆగిన ప్రతిసారీ ఆయన పొయ్యి ఆర్పించారు. నీటిమట్టం సరిపడి లాకు తలుపులు తెరిచాక మళ్లీ నిప్పు రాజేసి, ఆవిరి పట్టేదాకా అందరం కూర్చున్నాం. ఈలోగా గట్టు మీద మనుషులు తాడుతో లాగుతున్న ధాన్యం పడవ మమ్మల్ని దాటిపోయింది.

"ఏవండోయ్, మా తాడు కొస అందుకుంటారా?" అని వాళ్లలో ఒకడు అరిచాడు.

నవ్వనిది పక్కన కూర్చున్న రైతు వెంకన్న గారొక్కరే. ఆయన వేసిన పొలం దావాకు కాకినాడ కోర్టులో ఈ రోజే వాయిదా. సాయంత్రం దిగేసరికి ప్లీడరు గుమాస్తా రేవులోనే ఎదురొచ్చి, వాది రాలేదని దావా కొట్టేశారని చెప్పాడు.

యజమాని మిగిలిన కట్టెలు చూపించి, "చూశారా అండీ పొదుపు!" అన్నారు.

"జాగ్రత్తగా దాచండి బాబూ, నా తద్దినం వంటకి పనికొస్తాయి" అన్నారు వెంకన్న గారు.

రేపు ఆయనా నేనూ ఇదే స్టీమరులో తిరిగి వెళ్లాలి. ఇంతకన్నా త్వరగా చేరే దారి తెలిసినవారు చెప్పండి, నడకైనా సరే.