నాటినవారిని అడిగి తినే తోట

ఇల్లు కనిపించని నేల మీద ఎవరికీ హక్కు లేదని బోర్నియోలోని కెరాంజి ఏటి ఎగువ భాగం విషయంలో సర్కారు తీర్మానించింది. అక్కడ మనుషుల జాడే లేదని కాగితం మీద రాసి, నూనెతాటి తోటలు వేసే ఒక కంపెనీకి ఒక మనిషి ఆయుష్షంత కాలానికి కౌలుకిచ్చింది. రాసినవారు ఆ ఏరెక్కి రాలేదు. వచ్చి ఉంటే పనసలా ముళ్ళకాయలు కాసే దురియన్ చెట్లు వరుసలు తీరి, వాటి నడుమ పాత ఇంటి గుంజల గుంతలు, వాటి వెనక సమాధులు కనిపించేవి. అక్కడి ఇబాన్ తెగవారి ఊరంతా ఒకే కప్పు కింద పొడుగింట్లో కాపురముంటుంది. గుంజలు పుచ్చి, చుట్టుపక్కల నేల అలసిపోయాక, ఏటి వెంట మరో మలుపుకు ఇల్లు మారుతుంది. తోట మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ పండ్లకాలంలో అక్కడికి వెళ్ళివస్తారు, చనిపోయాక వెళ్ళి అక్కడే ఉండిపోతారు. ఇల్లు మారినవాడికి నేల మీద హక్కు పోతుందనేదే న్యాయమైతే, బదిలీ మీద వెళ్ళిన ప్రతి ఆఫీసరూ ముందు తన సొంతూరి పొలం వదులుకోవాలి.

ఈ అన్యాయానికి అడ్డంగా కూర్చున్న మనిషి పేరు జావై. అడ్డంగా కూర్చోవడమంటే ఇక్కడ అలంకారమేమీ లేదు. ఆమె తోవకు అడ్డంగా చాప పరుచుకునే కూర్చుంది.

జావై ఆ పాత ఇంట్లోనే పుట్టింది. ఆమె తల్లి లులోంగ్ నేసిన దుప్పట్లు చూడడానికి పక్క ఏళ్ళ నుంచి పడవలు కట్టుకుని వచ్చేవారు. నేతలో పేరు తెచ్చుకున్న ఆడమనిషికి యుద్ధం గెలిచివచ్చిన మగవాడికున్నంత గౌరవం. కూతురు మొట్టమొదట నేసిన దుప్పటి మీద మొసలి ఉండవలసిన చోట, ఏదో మింగి కదలలేకపోతున్న బల్లి ఒకటి తేలింది. లులోంగ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్ళి పందుల తొట్టి మీద కప్పింది. "పోనీలే, పందులకన్నా నచ్చింది," అన్నది జావై. ఆ రోజుతో మగ్గం వదిలేసి నాలుకనే నమ్ముకుంది.

పండగకు వచ్చిన మగ అతిథులకు గడప గడపకూ తువాక్ అనే బియ్యపు కల్లు పోయడం ఆడవాళ్ళ బాధ్యత. తన గడప ముందు కూర్చున్న జావై పాటతో ఒక ప్రశ్న వేసేది. పాటతోనే జవాబు చెప్పలేనివాడు గిన్నె ఖాళీ చేయాలి. పక్క ఏటి నుంచి వచ్చిన రంబా అనే యువకుడికి పాట రాదు. ఆ సాయంత్రం అతడు ఆమె చాప దాటలేకపోయాడు. తాను మనసుపడి ఆగిపోలేదని, కాళ్ళు నిలబడక ఆగిపోయానని చివరిదాకా చెప్పుకున్నాడు. పెళ్ళయ్యాక మగవాళ్ళందరిలాగే దేశం చూడడానికి వెళ్ళి, తిరిగొస్తూ ఒక ఫ్రిజ్జు మోసుకొచ్చాడు. ఏటి మీద అప్పటికి కరెంటు లేదు. జావై అందులో పెట్టను పొదిగించింది. ఊళ్ళో తలుపున్న కోళ్ళగూడు తనదొక్కటేనని వచ్చినవారందరికీ తెరిచి చూపించేది.

ఆమె నవ్వని విషయం ఒక్కటే. తొలికాన్పు ఆడపిల్ల, పళ్ళు రాకముందే పోయింది. లులోంగ్ నాటిన దురియన్ చెట్టు వెనక ఆ పిల్లను పెట్టారు. తరవాత చాలా ఏళ్ళకు రంబాను కూడా ఆ పక్కనే పెట్టారు. కంపెనీ కౌలు తీసుకున్న హద్దుల్లో ఆ చెట్టుంది, ఆ రెండు సమాధులూ ఉన్నాయి.

పొడుగింటి పెద్ద మునాన్ ఆమెకు మేనల్లుడు. కంపెనీవారు అతణ్ణి పట్నం పిలిపించి, టీ ఇచ్చి, గోడ క్యాలెండరు, పేరు కుట్టిన టోపీ ఇచ్చి పంపారు.

"టోపీ బాగుందిరా మునాన్. ఎండకా, సిగ్గుకా?" అని అడిగింది జావై.

మునాన్ టోపీ తీసి వెనక దాచుకున్నాడు. "ఎగతాళి చెయ్యకత్తా. ముందు సర్వేవాళ్ళొచ్చి హద్దు కొలుస్తారంట. ఆ తర్వాత ఆఫీసరొచ్చి చూసి, ఎవరి గుర్తులూ లేవని సంతకం పెడితే యంత్రాలు దిగిపోతాయంట. మనమేం చెయ్యగలం?"

"కొలత అవకపోతే ఆఫీసరు రాడు గదా?"

"కొట్లాటలు పెట్టుకోకు. పోలీసులొస్తారు."

"కొట్లాడటానికి నాకు మోకాళ్ళేవిరా. వచ్చినోళ్ళకి అన్నం పెడతాను. అన్నం పెట్టినోళ్ళని పట్టుకుపోయే పోలీసులున్నారేమో కనుక్కో."

చెట్ల మీద కాయలు అప్పటికి కోడిగుడ్డంత ఉన్నాయి. కాయలేని దురియన్ చెట్టు పట్నపు కంటికి ఒట్టి చెట్టు. పండు నేలరాలేదాకా ఆఫీసరు రాకూడదు. జావై లెక్క అంతే.

ఏటి ఒడ్డు నుంచి తోటకు వెళ్ళే కాలిబాట ఒకచోట బండకూ వాగుకూ మధ్య ఇరుకవుతుంది. ఆమె అక్కడ చాప వేసింది. చాప మీద వెదురుబొంగులో ఉడికిన కోడి, ఆకుల్లో చుట్టిన అన్నం, తువాక్ జాడీ. ఎవరైనా తినమని పిలిస్తే, ముట్టకుండా ముందుకు సాగినవాడికి ఆ తోవలోనే కీడు ఎదురవుతుంది. జెర్రి కుడుతుంది, లేదా పాము, లేదా అంతకంటే పెద్దదే. బోర్నియోలో పుట్టినవాడెవడూ దీన్ని తేలిగ్గా తీసుకోడు. కంపెనీవారి సర్వే ముఠా మొత్తం దిగువ ఏటి ఇబాన్ కుర్రాళ్ళే. వారి నాయకుడు సాగింగ్ నెత్తిన గట్టి టోపీ, కాళ్ళకు కొత్త బూట్లు. భయం మాత్రం పాతదే.

"మనవడా, అన్నం తిని పోండి."

"తినే వచ్చామవ్వా."

"తిన్నారా, సంతోషం. అవ్వ పిలిచింది, మేమే వద్దన్నామని నలుగురికీ చెప్పండి మరి. మొన్న ఆ గట్టు మీద ఒక జెర్రి కనిపించింది, నా మూరెడుంది. పాపం దానికీ పిల్లలుంటారు గదా."

ముఠాలో చివరివాడు ముందు కూర్చున్నాడు. సాగింగ్ అందరికంటే ఆఖర్న కూర్చున్నాడు గాని, అందరికంటే ఎక్కువ తిన్నాడు. తువాక్ తాగిన కుర్రాళ్ళు ఆ మధ్యాహ్నం కొలిచిన హద్దు వాగును అడ్డంగా దాటి, మళ్ళీ వాగులోకే వచ్చి ముగిసింది. మర్నాడు మళ్ళీ చాప, మళ్ళీ కోడి.

కొన్నాళ్ళకు సంగతి తెలుసుకుని మేనేజరు జెఫ్రీ స్వయంగా వచ్చాడు. పనివాడొకడి దగ్గర కిటుకు కూడా నేర్చుకునే వచ్చాడు.

"వేలితో ముట్టుకుని దాటిపోండి. అంతే చాలంట, నేను కనుక్కున్నాను."

"నిజమే బాబూ," అన్నది జావై. "కడుపు నిండినోడికి ముట్టుకుంటే చాలు. ఆకలితో ఉన్నోడు ముట్టుకుని వదిలేస్తే మాత్రం జెర్రితో పోదు, మొసలే వస్తది."

ఇలాంటి నియమం ఉన్నదో లేదో ఎవరికీ రూఢిగా తెలియదు. కుర్రాళ్ళు దానిమీద గంభీరంగా చర్చకు దిగారు. "మా తాత కూడా మొసలనే అనేవాడు సార్," అని ఒకడు సాక్ష్యం చెప్పేసరికి కోడి అయిపోయింది. ఒళ్ళు మండిన జెఫ్రీ చాప మీదుగా ఒక్క అంగ వేసి అవతలికి దాటాడు.

అందరూ తినడం ఆపారు. పెట్టిన అన్నాన్ని కాలితో దాటడానికి పరిహారం ఉంది. ఒక పంది, ఒక కోడి ఇచ్చి తప్పు దిద్దుకోనివాడి వెంట అడవిలోకి వెళ్ళడానికి ముఠాలో ఒక్కడూ ఒప్పుకోలేదు. జెఫ్రీ చాలాసేపు ఫోనుకు సిగ్నల్ వెతికి, దొరక్క, చివరికి పొడుగింట్లో ఒక పందిని, ఒక కోడిని కొన్నాడు. అమ్మిన మనిషి జావై. ఆ పందిని కోయించి, వండించి, మర్నాడు అదే చాప మీద అతని మనుషులకే వడ్డించింది. "తినండి నాయనా, మీ సారు మంచోడు. ఖర్చుకి వెనకాడడు," అని కొసరి కొసరి పెట్టింది.

ఎలాగో కొలత ముగిసేలోగా కాయలు ముదిరాయి.

భూముల శాఖ ఆఫీసరు రొస్లాన్ వచ్చిన రోజు జావై చాప మీద తువాక్ లేదు, పంది లేదు. అతని మతానికి పనికిరానివి అతని ముందు పెట్టడం మర్యాద కాదు. మంచినీళ్ళు ఇచ్చి, కర్ర పట్టుకుని, పిలవకపోయినా వెనకాలే నడిచింది. తోట మధ్యలో సాగింగ్ తన బూట్లకేసి చూసుకుంటూ కంపెనీవారు నేర్పిన మాట అప్పజెప్పాడు.

"మామూలు అడవే సార్. ఎవరూ నాటింది కాదు. ఎవరి గుర్తులూ లేవు."

రొస్లాన్ కలం తీశాడు. అప్పుడు లులోంగ్ చెట్టు నుంచి ఒక పండు ధబ్బున రాలింది. పండ్లకాలంలో ఆ శబ్దం విని ఆగగల ఇబాన్ ఇంకా పుట్టలేదు. సాగింగ్ రెండంగల్లో దాన్ని అందుకున్నాడు. నడుముకున్న కత్తి తీసి, పండు కోయబోతూ, తలెత్తి చెట్లకేసి గట్టిగా పిలిచాడు.

"నాటిన తాతల్లారా, అవ్వల్లారా, దారిన పోయేవాణ్ణి. ఒక్క పండు తీసుకుంటున్నా. కడుపునొప్పి పెట్టకండి."

రాలిన పండు ఎవరికి దొరికితే వారిదే. కాని నాటినవారిని అడగకుండా నోట్లో పెట్టుకోకూడదని పిల్లలకు నడకతోపాటే నేర్పుతారు. కలం అక్కడే ఆగింది.

"ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?" అని అడిగాడు రొస్లాన్.

"నాటినోళ్ళతో సార్," అన్నాడు సాగింగ్. అన్నాక అతని ముఖం మారింది.

"అలవాటు సార్. ఏ చెట్టు కింద తిన్నా ఊరికే అలా అంటారు," అని వెంటవచ్చిన జెఫ్రీ సర్దబోయాడు.

"అయితే ఆ ఎగువ కొండ మీద ఎలుగ్గొడ్లు తినే అడవి దురియన్ ఉంది," అన్నది జావై. "అక్కడికి పోయి ఇట్లాగే పిలవమనండి బాబూ. ఎవరు పలుకుతారో విందాం."

రొస్లాన్ సాగింగ్‌నే అడిగాడు. "అక్కడ కూడా పిలుస్తారా?"

సాగింగ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అబద్ధమాడితే ఉద్యోగం నిలుస్తుంది. చెట్లు వింటుండగా అబద్ధమాడడం అతనికి చేతకాలేదు. "పిలవం సార్. అక్కడ పిలవటానికి ఎవరున్నారు?"

"ఇక్కడున్నారా?"

"ఉన్నారు గనకే పిలిచాను సార్."

జావై పండు విడదీసి, పసుపుపచ్చని తొన ఒకటి ఆఫీసరు చేతిలో పెట్టింది. "పిలవకుండా తింటే ఏమవుతుందో నేను చెప్పనయ్యా. పట్నం చాలా దూరం. దారిలో అవసరానికి ఆగే చోట్లు తక్కువ."

అతడు నవ్వాడు. తరవాత చెట్టుకేసి చూసి, "ఏమని పిలవాలమ్మా?" అన్నాడు.

"లులోంగ్ అవ్వా అని. మా అమ్మ."

అతడు ఆ పేరు పిలిచి, అడిగి, తిన్నాడు. జావై అతణ్ణి చెట్టు వెనక్కి తీసుకెళ్ళింది. ఆకులు చిమ్మి ఉన్న రెండు చోట్లు, ఒకటి పొడవు, ఒకటి జానెడు. చిన్నదాని మీద బోర్లించిన పింగాణీ గిన్నె ఉంది. ఆమె కర్ర కొసతో గిన్నె మీది ఎండుటాకును పక్కకు తోసింది. ఇక్కడ ఎవరున్నారని ఆఫీసరు అడగలేదు. జిగురు చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక అలాగే నిలబడ్డాడు.

రొస్లాన్ నిజమే రాశాడు. ఇది మనుషులు నాటిన తోట, ఇందులో సమాధులున్నాయి అని. ఆ నివేదిక పై ఆఫీసుకు వెళ్ళింది. వెళ్ళినది అక్కడే పడి ఉంది. సాగింగ్‌ను కంపెనీ పనిలోంచి తీసేసింది. పనిలేని రోజుల్లో అతడు ఏరెక్కి వచ్చి జావైకి బొంగులు కొట్టి ఇస్తున్నాడు, ఆమె తిట్లు తింటున్నాడు. యంత్రాలు ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నాయి. వాటి కాపలావాళ్ళకు కూడా ఆమె పిలిచి అన్నం పెడుతోంది. మరో పండ్లకాలం గడిచిపోయింది. జావై మోకాళ్ళు ఇప్పుడు ఒకరు లేపితే తప్ప లేవడం లేదు.

భూముల శాఖ పెద్దలారా, మీరు పంపిన మనిషే చూసి రాశాడు. ఇంకేం చూడాలి? ఆ కౌలు రద్దు చేయండి. యంత్రాలను వెనక్కి తీసుకుపోండి. తోట ఆ ఇంటివారిదని ఉత్తర్వు రాసి, టపాలో పంపకుండా మీలో ఒకరు ఏరెక్కి వచ్చి, జావై చేతికి ఇవ్వండి. ఆమె బతికుండగా ఇవ్వండి.